మామ లైన్లోనే ఉన్నాడు

"రాజగోపాల్ చనిపోలేదు," అంది పద్మావతి. "శనివారం సాయంత్రం దాకా చనిపోలేదు. అర్థమైందా?"

ఏజెంట్ నాగేంద్రకు అర్థం కాలేదు. గంట క్రితమే మార్చురీలో గుడ్డ తొలగించి ఆయన ముఖం చూసి వచ్చినవాడు మరి. అక్కడి రిజిస్టర్లో ఇంకెవరిదో పేరు. ఆయన కుడిచేతి వేళ్ళ కొనలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

"అర్థం కాలేదు మేడమ్."

"అయితే కూర్చో."

గూఢచారి విభాగం సౌత్ జోన్ చీఫ్ పద్మావతి కూర్చోమంటే విషయం పెద్దదన్నమాట. మామూలు పనులకు ఆమె మనుషుల్ని నిలబెట్టే పంపిస్తుంది. నాగేంద్ర కూర్చున్నాడు. కూర్చున్నది బళేపేటలో, గాజుల దుకాణం మీది మేడగదిలో, రాజగోపాల్ పాత పేము కుర్చీలో. ఆ సంగతి వీపుకు తగిలేసరికి చటుక్కున లేచాడు.

"దాన్లోనే కూర్చో. ఇకనుంచి అది నీ కుర్చీ," అంది పద్మావతి.

రాజగోపాల్ రిటైరైన మనిషని లోకం అనుకుంటుంది. విభాగంలో సగంమంది కూడా అదే అనుకున్నారు. పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్న ముసలాయన, గదినిండా తీగలు, టంకం వాసన. నిజానికి ఈ గది ఒక స్టేషన్. టెలిఫోన్ లైన్‌కు ఒక మోడెమ్, మోడెమ్‌కు ఎనభైల నాటి హోమ్ కంప్యూటర్ ఒకటి, దానికి ఒక టెర్మినల్. ఆ హోమ్ కంప్యూటర్‌ను ఆయన "ముసల్ది" అనేవాడు. ఫోన్లో వచ్చిన రహస్యాన్ని విప్పి టెర్మినల్ మీద చూపించేది ముసల్దే. ఇంటర్నెట్ లేదు, వైఫై లేదు. లోకంలో ఏ హ్యాకరూ దాని జోలికి రాలేడు. రావాలంటే వాళ్ళు నలభై ఏళ్ళు ముందు పుట్టి ఉండాలి.

"ఆయన్ని చంపింది టెర్మినలే," అంది పద్మావతి. "లోపల ఎర్త్ వైరు కత్తిరించి, ఇనుప బాడీకి కరెంటు కలిపారు. వచ్చి, కూర్చుని, చెయ్యి పెట్టాడు. అంతే. పాత సామాను షాక్ కొట్టిందని మనం అనుకోవాలి."

"ఎవరు?"

"రెట్రో సర్కిల్. కాడుగోడిలో పాత కంప్యూటర్ల క్లబ్బు. పైకి కాలక్షేపం. లోపల విదేశీ రింగు. డ్యాం గేట్లు, పంప్ హౌసులు, ఇలాంటివి కొన్ని ఇంకా పాత మిషన్లతోనే నడుస్తున్నాయి. పాత మిషన్ తగిలించి వాటిని ఎలా లొంగదీసుకోవాలో వీళ్ళు నేర్చుకుంటున్నారు. నేర్చుకున్నది అమ్ముతారు."

"క్లబ్బు చైర్మన్ కౌశలేనా వాళ్ళ బాస్?"

"కౌశల్ మేనేజర్ మాత్రమే. అసలు బాస్ ఎవరో మనకు తెలీదు. శనివారం వాళ్ళ ఎగ్జిబిషన్‌కు పాత మిషన్లు సేకరించే విదేశీ కలెక్టర్లు వస్తున్నారు. వాళ్ళలో ఒకడే ఆ బాస్. అతన్ని చూపించగలిగేది రింగు లోపలున్న మన మనిషి. కోడ్ నేమ్ మైనా."

"మైనా ఎవరు?"

పద్మావతి ముఖం మొదటిసారి దిగులుగా కనిపించింది. "రాజగోపాల్‌కు ఒక్కడికే తెలుసు. నాకు కూడా చెప్పలేదు. మైనా ఈ లైన్‌కే ఫోన్ చేస్తాడు. ఇక్కడ రాజగోపాల్ లేడని తెలిస్తే మాయమవుతాడు, లేదా దొరికిపోతాడు. అందుకని ఆయన ఉండాలి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడివి నువ్వొక్కడివే."

"అయితే దహనం?"

"శనివారం తర్వాత."

హిందూపురం నుంచి ఉద్యోగానికొచ్చిన నాగేంద్రకు తీగ పట్టుకోవడం దగ్గర్నుంచి మనిషిని పట్టుకోవడం దాకా నేర్పినవాడు ఆయన. అటువంటి మనిషి ఐస్ పెట్టెలో ఇంకొకరి పేరుతో పడుకుని ఉండగా, ఆయన కుర్చీలో కూర్చుని ఆయనలా మాట్లాడాలి. ఛీ, ఇదేం బతుకురా అనిపించింది. పైకి మాత్రం "సరే మేడమ్" అన్నాడు.

*

పాత టెర్మినల్‌ను పరీక్షలకు పట్టుకుపోయారు. నాగేంద్ర ఎస్పీ రోడ్డుకు వెళ్ళి తుక్కు దుకాణంలోంచి ఇంకొకటి తెచ్చాడు. ఆకుపచ్చ అక్షరాల తెర, బస్తా బరువు. ముసల్ది వెనక గుండ్రటి సాకెట్, టెర్మినల్ వెనక వెడల్పాటి సాకెట్. రెంటికీ పొత్తు కలిపే కేబుల్ ఏ షాపులోనూ దొరకదు. చేత్తో చేసుకోవాలి.

అతను ఆత్రంలో తీగకు తీగ నేరుగా కలిపి స్విచ్ వేశాడు. తెర మీద ఏమీ లేదు. అప్పుడు వెనక ఎవరో దగ్గినట్టయింది.

నాగేంద్ర ఒళ్ళు జలదరించింది. శిష్యుడు తప్పు చేస్తే రాజగోపాల్ తిట్టేవాడు కాదు, చిన్నగా దగ్గేవాడు. ఆ తర్వాత పాఠం చెప్పేవాడు. "ఒకడు మాట్లాడే తీగ ఇంకొకడు వినే తీగకు పోవాల. మాట్లాడే తీగలు రెండూ కలిపితే అది మన ఆఫీసు మీటింగు అయితాది అప్పా."

అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూడటానికి ధైర్యం చాలలేదు. రెండు తీగలూ విప్పి, తారుమారు చేసి, మళ్ళీ టంకం పెట్టాడు. ఈసారి తెర మీద చెత్త అక్షరాలు వచ్చాయి. వేగం తగ్గించాడు. చెత్త పోయి ఆకుపచ్చ గడి ఒకటి మిణుకుమిణుకుమంటూ నిలబడింది.

సాయంత్రం ఐదు దాటాక ఫోన్ మోగింది. మోడెమ్ కీచుమంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఒక్కొక్కటే తెర మీదికి నడిచి వచ్చింది.

"మామా, బాగుండావా?"

పక్కనే నిలబడ్డ పద్మావతి తెర మీదికి వంగింది. నాగేంద్ర వేళ్ళు కీల మీద పెట్టాడు. ఆయన యాస, ఆయన నిదానం తెచ్చుకున్నాడు.

"ఉండానప్పా. చెప్పు."

"శనివారం పెద్దాయన వస్తాడు. ఎవురో ఇంకా తెలీదు. హాల్లో మిషన్లన్నీ ఒకే లైనుకు కలుపుతా ఉండారు. గుర్తుపట్టినాక దాంట్లోనే చెప్తా. నువ్వూ రా."

"వస్తా. జాగ్రత్త."

"సరే మామా."

ఇక మిగిలింది ఒక్క మాట. రాజగోపాల్ ఏనాడూ ఆ మాట చెప్పకుండా లైన్ వదల్లేదు. ఇంట్లోంచి బయల్దేరే మనిషి చెప్పినట్టే ప్రతిసారీ "పోయొస్తా అప్పా" అని కొట్టి మరీ కట్ చేసేవాడు. నాగేంద్రకు తెలుసు. పద్మావతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టింది కూడా.

అతని వేళ్ళు కదల్లేదు. మెదడు కొట్టమంటోంది, చెయ్యి వినడం లేదు. నాగేంద్ర అలాగే లైన్ కట్ చేశాడు.

"ఏం చేశావు?" పద్మావతి అరిచినంత పని చేసింది. "ఆ ఒక్క మాటా ఎందుకు కొట్టలేదు?"

"చేతకాలేదు మేడమ్." అతని ముఖం పాలిపోయి ఉంది. "ఈ గదిలోనే కదా ఆయన పోయింది. చావు జరిగిన ఇంట్లో పోయొస్తానని ఎట్లా చెప్పేది? మా అమ్మ చెంప పగలగొట్టేది. చెప్పకుండా లేచిపోవాలంతే."

"నాగేంద్రా, ఇది ఆపరేషన్. పరామర్శ కాదు."

"తెలుసు మేడమ్."

తెలిస్తే ఏం లాభం! మర్నాడు, గురువారం, మైనా ఫోన్ చెయ్యలేదు. శుక్రవారం లైన్ కలిసింది గానీ అవతల ఒక్క అక్షరం రాలేదు. ఆకుపచ్చ గడి మిణుకుతూనే ఉంది. "అప్పా, ఉండావా?" అని నాగేంద్ర కొట్టాడు. జవాబు లేదు. కాసేపటికి లైన్ తెగిపోయింది. తన ఒక్క తప్పుతో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందని అతనికి తిండి సహించలేదు.

కింద గాజుల దుకాణం గంగమ్మకు సారు ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పారు. నాగేంద్ర మెట్లు దిగుతుంటే ఆమె గాజుల అట్టపెట్టెలు సర్దుతూ పలకరించింది.

"సారుకు నయమైనట్టుండాది గదప్పా. ఇంటికొచ్చేసినాడా?"

"లేదక్కా. ఇంకా ఆస్పత్రిలోనే."

"అయ్యో, మరి మధ్యాన్నమంతా పైన టకటకా కొడతా ఉండింది ఎవురు? సారు కొట్టే లెక్కనే ఉంటే, టీ పంపిద్దామా అనుకుంటి."

మధ్యాహ్నం గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి నాగేంద్ర జేబులోనే ఉంది. అతను వీధిలోకి వచ్చి, ఎండలో కాసేపు నిలబడ్డాడు. ఒంట్లో చలి తగ్గలేదు. దహనం కాని మనిషి ఎక్కడికి పోతాడు? పని మిగిలి ఉంటే అసలే పోడు.

ఆ సాయంత్రం టెక్నికల్ వాళ్ళు ఇంకో వార్త తెచ్చారు. వీధి చివర టెలిఫోన్ డబ్బాలో ఎవరో చిన్న రికార్డర్ తగిలించి పెట్టారు. మోడెమ్ కూతలన్నీ నెలల తరబడి రికార్డయ్యాయి. రహస్యాన్ని విప్పడానికి ముసల్దానికి ఎక్కించే ప్రోగ్రామ్ క్యాసెట్‌కు కూడా హంతకులు కాపీ తీసుకుపోయారు.

"అంటే సార్ మాటలన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి," అన్నాడు నాగేంద్ర. "తమలో ఒక మైనా ఉన్నాడని వాళ్ళకు తెలుసు. ఎవరో తెలీదు."

"రేపు హాల్లో వాళ్ళే మామగా మాట్లాడతారు," అంది పద్మావతి. "మామ పిలిస్తే వచ్చినవాడే మైనా. వచ్చినవాణ్ణి చంపేస్తారు. మనం వెళ్ళి మైనాను ఆపాలి. ఎవరో తెలియని మనిషిని. అదీ పని."

"నేనాపినా నమ్మడు మేడమ్. నేను పోయొస్తా అనలేదు."



*

కాడుగోడిలో కల్యాణమండపం. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే వేదిక మీద బీరువా అంత హోస్ట్ కంప్యూటర్ కూర్చుంది. దాని నుంచి తీగలు పాయలుగా దిగి, హాలంతా పరుచుకుని, బల్లల మీది పాత హోమ్ కంప్యూటర్లకూ టెర్మినళ్ళకూ వెళ్ళాయి. ఎవరు ఎక్కడ ఏం టైప్ చేసినా అన్ని తెరల మీదా కనిపిస్తుంది. పేరు ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. జనం తెగ సరదాపడుతున్నారు. వైట్‌ఫీల్డ్ ఐటీ కుర్రాళ్ళు వచ్చి, తమ తండ్రుల కాలం నాటి కీబోర్డులతో సెల్ఫీలు దిగుతున్నారు.

నాగేంద్ర బట్టతల విగ్గు, సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని పాత మిషన్లు సేకరించే హైదరాబాదు మనిషి వేషంలో ఉన్నాడు. జేబులో టెక్నికల్ వాళ్ళిచ్చిన బుల్లి కీబోర్డు పెట్టె. దాని క్లిప్పును బల్ల కింద తీగకు తగిలించాడు. విభాగం మనుషులు క్యాటరింగ్ వాళ్ళయి బిసిబేళెబాత్ వడ్డిస్తున్నారు.

నీలం టీషర్టు వేసుకున్న క్లబ్బు మనుషుల్ని ఒక్కొక్కణ్ణీ చూశాడు. వీడా? వాడా? తీగలు సర్దే బక్కపల్చటి వాడా? మైక్ దగ్గరికి చూపు వెళ్ళేసరికి పళ్ళు పటపటా కొరికాడు.

శైలజ!

దొడ్డబళ్ళాపురం పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, హాలంతా తన వెనకే తిరిగేటట్టు చేసే నవ్వు. ఒకప్పుడు విభాగంలో నంబర్ వన్ ఏజెంట్. రహస్యాలు అమ్ముకుని రింగులో చేరిందని రాజగోపాలే అందరిముందూ ప్రకటించి ఆమె ఫోటో గోడ మీంచి పీకించాడు. ఆ రోజు నుంచి నాగేంద్ర ఆమె పేరు ఎత్తలేదు. ముసలాయన్ని చంపించింది ఈవిడే అయ్యుండాలి. చంపించి ఇక్కడ యాంకరింగ్ చేస్తోంది, సిగ్గూ శరం లేకుండా!

కౌశల్ వేదిక మీద హోస్ట్ ముందు కూర్చుని ఏదో కాగితం చూసి టైప్ చేయడం మొదలుపెట్టాడు. అన్ని తెరల మీదా అక్షరాలు వెలిగాయి.

"మామ: మైనా, వచ్చినా అప్పా. నీకు కాగితం వచ్చింది. మూలన టెలిప్రింటర్ ఉండాది. పోయి ఏదో ఒక కీ నొక్కు. కాగితం వస్తాది. పోయొస్తా అప్పా."

యాస సరిగ్గా ఉంది. నిదానం సరిగ్గా ఉంది. చివరి మాట కూడా ఉంది. నాగేంద్ర మూలనున్న టెలిప్రింటర్ వైపు చూశాడు. ఇనుప బాడీ. ప్లగ్గు కొత్తది, దానికి రెండే పిన్నులు. ఎర్త్ పిన్ను లేదు. బళేపేట మేడగది, నల్లబడ్డ వేళ్ళు కళ్ళముందు ఆడాయి. ఎవరూ కాల్చక్కర్లేదు, పొడవక్కర్లేదు. ముట్టుకున్నవాడు పోతాడు. పాత సామాను షాక్ కొట్టిందంటారు.

బల్ల కింద అతని వేళ్ళు పరుగెత్తాయి.

"మామ: మైనా, పోవద్దు. అది నేను కాదు."

"మామ: వాడు దొంగ. నమ్మొద్దప్పా. నేనే మామ. తొందరగా పో."

"ఇద్దరు మామలు!" ఎవడో కుర్రాడు కేకేశాడు. హాలంతా గొల్లుమంది. ఇదొక డెమో అనుకున్నారు జనం. కౌశల్ మాత్రం నవ్వడం లేదు. తన మనుషుల్లో ఎవడి ముఖం మారుతుందా అని నీలం టీషర్టుల్ని ఏరి ఏరి చూస్తున్నాడు.

నాగేంద్ర కొట్టడం ఆపాడు. నేను నేనంటే నేను నేనని ఎంతసేపు కొట్లాడినా ఏముంది? ఇద్దరూ అబద్ధమే కదా. అసలు మామ మార్చురీలో ఉన్నాడు. వాళ్ళు చెప్పలేనిది, తను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఆర్డరు గీర్డరు గంగలో కలవనీ అనుకుని కొట్టాడు.

"మామ: నేను చచ్చిపోయినాను అప్పా. నా శవం ఇంకా లేవలేదు."

హాల్లో నవ్వు మరింత పెరిగింది. కానీ ఆ నవ్వుల మధ్యలోంచి ఒక మనిషి నడుచుకుంటూ టెలిప్రింటర్ వైపు బయల్దేరింది. నీలం టీషర్టు కాదు. పట్టుచీర.

మైనా శైలజేనని నాగేంద్రకు తట్టింది. మైనా మగవాడని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు! రాజగోపాల్ ఆడా మగా లేకుండా అందర్నీ అప్పా అనేవాడు, చివరికి పద్మావతి మేడమ్‌ను కూడా. దొంగ అని ముద్ర వేసి, ఫోటో పీకించి, లోపలికి పంపించింది ఆయనే. ఇన్నాళ్ళూ తను తిట్టుకున్నది ఎవర్ని! ఇప్పుడామె వెళ్తోంది. అబద్ధపు మామను నమ్మి వెళ్తోంది. పోయొస్తా అన్నవాణ్ణి నమ్మింది.

అతను పెట్టె వదిలేసి లేచాడు. ప్లగ్గు గోడకు ఉంది. మధ్యలో జనం, బల్లలు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. తోసుకుంటూ పోతున్నాడు. శైలజ టెలిప్రింటర్ ముందుకు చేరింది. చెయ్యి ఎత్తింది. పక్కనున్న టెర్మినల్ తెర వైపు ఒక్క క్షణం చూసింది.

చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ చేతిలోకి మైకు వచ్చింది.

"లేడీస్ అండ్ జెంటిల్‌మెన్! ఈ టెలిప్రింటర్ వయసు యాభై. దీన్ని మళ్ళీ బతికించింది మన చైర్మన్ గారు. ఫస్ట్ కీ ఆయనే నొక్కాలి. కౌశల్ సర్, ప్లీజ్! క్లాప్స్!"

చప్పట్లు మోగాయి. రిబ్బను కత్తిరింపులకూ దీపాలు వెలిగించడానికీ అలవాటుపడ్డ జనం, ఫోన్లు పైకెత్తి దారిచ్చారు. కౌశల్ వేదిక దిగి రాక తప్పలేదు. టెలిప్రింటర్‌కు రెండడుగుల దూరంలో ఆగాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నో నో. గెస్ట్స్ ఫస్ట్," అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది.

"మీరే నొక్కాలి సర్!" అంది శైలజ, నవ్వుతూనే.

"నై నై... తర్వాత చూద్దాం."

"ఏంటి సార్, షాక్ కొడుతుందా?" ఎవడో అన్నాడు. మళ్ళీ నవ్వులు.

విదేశీ అతిథుల్లో ఒక తెల్లజుట్టు తాత ఉన్నాడు. బో టై, పొట్ట, పొద్దుటినుంచీ ప్రతి మిషన్‌తోనూ ఫోటో దిగుతున్న అమాయకుడు. "ఓ కమాన్, ఐ విల్ డూ ఇట్!" అంటూ ఉత్సాహంగా ముందుకు వచ్చి వేలు చాపాడు. కీకి వేలికి మధ్య అంగుళం ఉంది.

"డోంట్ టచ్, కర్నల్!" కౌశల్ గావుకేక పెట్టాడు.

అదే క్షణంలో నాగేంద్ర గోడ దగ్గరికి దూకి, ప్లగ్గును కాలితో ఒక్క తన్ను తన్నాడు. నిప్పురవ్వలు లేచాయి. తాత వేలు కీ మీద పడింది. కరెంటు లేని టెలిప్రింటర్ "టక్" మని ఊరుకుంది.

బో టై తాత ముఖంలోంచి అమాయకత్వం జారిపోయింది. అతను కౌశల్ వైపు చూసిన చూపుకు కౌశల్ రెండడుగులు వెనక్కి వేశాడు. బిసిబేళెబాత్ గరిటెలు కింద పెట్టిన క్యాటరింగ్ వాళ్ళు ఇద్దర్నీ రెండు వైపుల నుంచి ఒడుపుగా పట్టుకున్నారు. రింగు బాస్ ఎవరో మైనా చూపించాల్సిన అవసరమే లేకపోయింది. కౌశలే ర్యాంకుతో సహా చెప్పేశాడు.

*

మండపం వెనక, వంటపాత్రలు కడిగే కుళాయి దగ్గర శైలజ గోడకానుకుని నిలబడి ఉంది. లిప్‌స్టిక్ చెరిగిపోయింది. నవ్వు లేదు.

"శవాన్ని యాడ పెట్టినారు నాగేంద్రా?" అని అడిగింది.

"మార్చురీలో. ఇంకో పేరు మీద."

"ఇన్ని దినాలా? పాపం గదప్పా!" ఆమె పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నాగేంద్ర కూడా ఏడ్చాడు. ఇన్నాళ్ళూ దిగమింగుకున్న ఏడుపు, అంత త్వరగా ఆగలేదు.

"నిన్ను నేను చాలా మాటలన్నాను," అన్నాడు చివరికి. "నీ ఎదురుగా కాదులే. మనసులో."

"అనాల్సిందే. అందరూ అంటేనే గదా వాళ్ళు నన్ను నమ్మేది. సారు ప్లాను అది."

"మామ పోయాడని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు చెప్పినావు గదా."

"నేనెక్కడ చెప్పాను?"

"బుధవారం. సరే మామా అని నేను కొడితే, నువ్వు పోయొస్తా అనకుండా పోయినావు. నాకు ఆడనే కాళ్ళు చల్లబడె. సారు చెప్పకుండా పోడు. మరి చెప్పకుండా పోయే ఇల్లు ఏది? చావు జరిగిన ఇల్లు. ఆ గదిలో సారు పోయినాడు, కుర్చీలో మనోడెవురో కూర్చోనుండాడు అనుకుంటి. శుక్రవారం ఫోన్ చేస్తి, కొట్టడానికి చెయ్యి రాలేదు. ఊరికే వింటా ఉంటి." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఈ పొద్దు ఆ కౌశల్‌గాడు పోయొస్తా అని కొడితే ఒళ్ళు మండిపోయె. సారు చచ్చినాక సారు నోట్లో ఆ మాట పెట్టింది వాడొక్కడే. వాని దగ్గర సారు మాటలన్నీ ఉండాయి గానీ ఎప్పుడు అనకూడదో లేదు."

మూడు రోజులుగా గుండె మీదున్న బండ దిగినట్టయింది నాగేంద్రకు.

"మరి టెలిప్రింటర్ దగ్గరికి ఎందుకు పోయావు?"

"అది ఉచ్చని తెలుసు. యాంకర్ని గదా, నేను యాడికి పోయినా ఎవురూ అనుమానపడరు. కీ నొక్కితే ఏమొస్తాదో చూద్దామని పోతి. అది షాకని నాకేం తెలుసు? నువ్వు కొట్టకపోయింటే నొక్కేసుండేదాన్ని."

"నేనేం కొట్టాను?"

"పక్క తెర మీద వచ్చింది గదా, 'ముట్టుకోవద్దు పాపా' అని." ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి. "సారు నన్ను పాప అనేవాడని నీకెట్ల తెలుసు? ఎవురి ముందరా అనేవాడు కాదు."

నాగేంద్రకు తెలియదు. ఆ మాట అతను కొట్టనూ లేదు. అప్పటికి పెట్టె వదిలేసి జనంలో ఉన్నాడు. "తెలుసులే" అనేసి లోపలికి వచ్చాడు.

టెక్నికల్ వాళ్ళు హోస్ట్ దగ్గర తీగలు విప్పుతున్నారు. వాళ్ళలో పెద్దవాడు బసవరాజు, ఎవరెక్కణ్ణుంచి ఏం కొట్టారో ప్రింటైన లాగ్ చూసి తల గోక్కుంటున్నాడు.

"సార్, కౌశల్ కొట్టినవి కన్సోల్ నుంచి. మీవి మీ బల్ల పోర్టు నుంచి. ఈ లాస్ట్ లైను వచ్చిన పోర్టుకు ఏ మిషనూ తగిలించలేదు సార్. చూడండి, కేబుల్ ఊరికే వేలాడుతోంది. ఏదో గ్లిచ్."

కేబుల్ చివర నేలకు జానెడు ఎత్తున గాలిలో ఊగుతోంది. హాల్లో ఫ్యాన్లన్నీ ఆపేసి ఉన్నాయి. నాగేంద్ర దాన్ని ముట్టుకోలేదు. దానికి చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. బసవరాజు వింతగా చూశాడు.

*

మర్నాడు పొద్దున శవం లేచింది, సొంత పేరుతో. కరెంటు శ్మశానం వద్దని శైలజ పట్టుబట్టింది. "కరెంటుతోనే పోయినాడు, మళ్ళీ కరెంటేనా? కట్టెలే పెట్టాల," అంది. కొరివి నాగేంద్ర పెట్టాడు. బళేపేట గంగమ్మ దుకాణం మూసి వచ్చి, సారు నిన్నటిదాకా పైన టైపు కొడుతూనే ఉన్నాడని కనపడిన వాళ్ళందరికీ చెప్పింది. దుఃఖంలో ఉన్న ఆడమనిషి మాటలే అని ఎవరూ పట్టించుకోలేదు. నాగేంద్ర, శైలజ మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చితి బాగా అంటుకున్నాక పద్మావతి ఇద్దర్నీ పక్కకు పిలిచింది. మామూలుగా ఆమె మనుషుల్ని నిలబెట్టే మాట్లాడుతుంది. ఈసారి సిమెంటు బల్ల మీద ఇద్దరి మధ్యా తనే కూర్చుంది. ఆ లాగ్ కాగితం ఆమె చేతిలో ఉంది.

"ఢిల్లీకి రిపోర్ట్ పంపాలి," అంది. "డ్యూటీలో ఉండగా చనిపోయాడని రాయాలా, చనిపోయాక డ్యూటీ చేశాడని రాయాలా?"

శైలజ మంట వైపు చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

"రెండూ రాయండి మేడమ్," అంది. "ఓవర్‌టైమ్ ఇయ్యరు గానీ, సారు ఏమీ అనుకోడు."